సోలారు పలకలకు పసుపు

మావారి చొక్కాకు డీజిల్ వాసన పోయిందని మొదట గమనించింది నేనే. పెళ్లయిన దగ్గర్నుంచి, అంటే ముప్పై రెండేళ్లుగా, ఆ వాసన మా ఇంట్లో ఇంకో మనిషిలా ఉండేది. సబ్బుకు లొంగేది కాదు. నానబెట్టి, బ్రష్ కొట్టి, ఎండలో తిరగేసి ఆరేసినా, మడత పెట్టేటప్పుడు సన్నగా పలకరించేది. కొత్తలో నాకు తల తిరిగేది. పోను పోను ఆ వాసన వచ్చిందంటే ఆయన వీధి మలుపు తిరిగారని లెక్క. అలాంటిది ఆ కార్తీకంలో ఒక రోజు చొక్కా పిండి ముక్కు దగ్గర పెట్టుకుంటే సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. సంతోషించాలో బెంగపడాలో తెలియక కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాను.

ఆయన పని సినిమా షూటింగులకు కరెంటు ఇవ్వడం. లారీ అంత బండి, దాని కడుపులో ఒక జనరేటరు. లైట్లు, కెమెరాలు, కారవాన్లలో ఏసీలు, అన్నిటికీ అదే ఆధారం. ఆ జనరేటరు గొంతు విని దానికి ఆకలో దాహమో జలుబో చెప్పేవారాయన. లోడు ఎక్కువైతే ఎలా మూలుగుతుందో, ఫిల్టరు నిండితే ఎలా దగ్గుతుందో నాకు అన్నం తింటూ చేసి చూపించేవారు. ఒకసారి కాలు విరిగి నెల రోజులు ఇంట్లో ఉండాల్సి వస్తే, మంచం మీద పడుకునే పక్కింటి నీళ్ల మోటారు విని, బేరింగు పోయిందని వాళ్లకు కబురు పంపారు. నిజంగానే పోయింది. ఆ నెల గడిచేసరికి మా వీధిలో మిక్సీలూ ఫ్యాన్లూ అన్నీ ఆయన చేతిలో ఒకసారి విప్పబడ్డాయి. ఇంట్లో కూర్చోవడం ఆ మనిషికి రాదని నాకప్పుడే అర్థమైంది.

మాది తణుకు పక్క. నేను బడికి వెళ్లలేదు. మా అమ్మ వంటింట్లో ముగ్గుపిండి పరిచి అక్షరాలు దిద్దించింది. రాయడం, చదవడం, పూజలు, పచ్చళ్లు, అన్నీ ఆ నాలుగు గోడల మధ్యే నేర్చుకున్నాను. పెళ్లి చేసుకుని ఫిల్మ్ నగర్ గుట్ట మీది బస్తీకి వచ్చాను. రెండు గదుల ఇల్లు, పైన స్లాబు. దేవుడి దయ వల్ల ఇప్పటికీ అందులోనే ఉన్నాం.

లోకంలో మార్పు వస్తున్నట్టు నాకు ఎవరూ చెప్పలేదు. నేను చూసినంత వరకు అది డాబాల మీద మొదలైంది. రోజూ ఉదయం గుట్ట మీది గుడిలో పూలు కట్టడం నాకు అలవాటు. మెట్ల పక్క అరుగు మీద కూర్చుంటే కింద జూబ్లీహిల్స్ మేడల డాబాలన్నీ పరిచినట్టు కనిపిస్తాయి. మేం వచ్చిన కొత్తలో వాటి మీద నీళ్ల ట్యాంకులు, ఆరేసిన దుప్పట్లు, అంతే. ఎప్పుడో ఒక డాబా మీద గాజు గొట్టాల వరుస కనిపించింది. ఎండతో నీళ్లు కాగుతాయటమ్మా అన్నారు పూజారిగారు. మా అమ్మ ఎండలో ఇత్తడి గంగాళం పెట్టి మాకు నీళ్లు పోసేది, దానికి గొట్టాలెందుకండీ అని నవ్వాను. ఇంకొన్నాళ్లకు నీలం పలకలు వచ్చాయి. ఒక ఇంటి మీద, ఆ పక్కింటి మీద. దూరానికి నేత చీరలు ఆరేసినట్టు ఉండేవి. మాల కడుతూ వాటిని లెక్కపెట్టేదాన్ని. మొదట వేళ్లకు సరిపోయేవి. తరవాత వేలి కణుపులకు. ఆ తరవాత లెక్కపెట్టడం మానేశాను.

డాబాల మీద నుంచి అది రోడ్డు మీదికి దిగింది. టోలిచౌకి వెళ్దామని నిలబడితే వెనక నుంచి పిల్లిలా వచ్చి మోచేతి దగ్గర ఆగే ఆటోలు వచ్చాయి. మా వీధి మొదట్లో కొబ్బరిబొండాలు అమ్మే ఆవిడ తన గొడుగుకు అరచెయ్యంత పలక కట్టించుకుంది. సాయంత్రం దీపానికి ఇక దుకాణాల వాళ్లను వైరు అడుక్కోనక్కర్లేదని ఎంత గర్వంగా చెప్పిందో. చివరికి గుడి మండపం మీద కూడా వేశారు. నేను పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి పొద్దున్నే సూర్యుడికి దోసెడు నీళ్లు వదిలి దండం పెట్టుకుంటున్నాను. ఆ స్వామి ఇలా ఇంటింటికీ వచ్చి నీళ్లు కాచి, దీపం పెట్టి, బండి తోసిపెడుతుంటే నాకు మొహమాటంగా ఉండేది. మనం ఇచ్చింది దోసెడు నీళ్లేనాయె.

అలా ఊరంతా తిరిగి తిరిగి ఆ మార్పు మావారి చొక్కా దాకా వచ్చింది.

మావారు పనిచేసే జనరేటరు బండ్ల యూనిట్‌ను ఒక పెద్దాయన పెట్టారు. ఆ పెద్దాయన పోయాక కొడుకు చూసుకుంటున్నాడు. మావారు ఈ అబ్బాయిని నిక్కర్ల నాటి నుంచి ఎరుగుదురు. ఓనరైనా 'బాబాయ్' అనే పిలుస్తాడు. అతను ఆ కార్తీకంలో ఒక బ్యాటరీ బండి కొన్నాడు. గుట్ట కింద తమ షెడ్డు కప్పు మీద సోలారు పలకలు వేయించి, పగలంతా వాటితో బ్యాటరీలు నింపి, చాలకపోతే మిగతాది కరెంటు లైను నుంచి పట్టేలా ఏర్పాటు చేశాడు. బండికి పొగ ఉండదు, చప్పుడు ఉండదు. మావారికి ఆ రెండోదే మింగుడుపడలేదు.

"మాట్టాడని బండికి ఒంట్లో బాలేదని ఎలా తెలుత్తాదే?" అన్నారు నాతో మొదటి రోజు. అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఓనరు కూర్చోబెట్టి నిదానంగానే చెప్పాడట. ఉగాదిలోపు పాత జనరేటరు బండి అమ్మేస్తున్నాను బాబాయ్, కొత్తది చేతికి వస్తే అది నీదే, రాకపోతే ఇక ఇంట్లో విశ్రాంతి తీసుకో, ఏమీ అనుకోకు అని. మావారికి యాభై ఎనిమిది. ఇంట్లో విశ్రాంతి అంటే ఏమిటో నేను పైన రాశాను.

నేర్పడానికి పలకలు వేసిన కంపెనీ నుంచి ఒకమ్మాయి వచ్చేది. అమ్మాయి అంటున్నాను గానీ ముప్పై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. మోతీనగర్ నుంచి స్కూటీ మీద వచ్చేది, అదీ చప్పుడు లేనిదే. ఆయన్ని మొదటి రోజే 'కాకా' అని వరస కలిపింది. ఆయన కొత్త బండికి రెండడుగుల ఎడంగా చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడితే, "ఏంది కాకా, కొత్తల్లుణ్ని చూసినట్టు దూరంకెల్లి చూస్తున్నవ్? జర దగ్గరికి పో, కరవది" అని ఎగతాళి చేసిందట. ఆ మాట ఇంటికొచ్చి చెబుతూ ఆయనా నవ్వారు. అప్పుడే నాకు కాస్త ధైర్యం వచ్చింది.

మధ్యాహ్నం ఇద్దరూ మా ఇంటికే భోజనానికి వచ్చేవారు. ఆవిడ చెప్పిన జాగ్రత్తలన్నీ నేను ఒక నోటుపుస్తకంలో తెలుగులో రాసిపెట్టాను, మావారికి ఇంగ్లీషు రాదు గనక. ఉదయం ఎనిమిదిలోపు పలకలు తుడవాలి. గరుకు గుడ్డ వాడకూడదు. మిట్టమధ్యాహ్నం చన్నీళ్లు పోయకూడదు. పలకలు ఎంత కరెంటు పట్టాయో ఫోన్లో అంకె చూపిస్తుంది, అది ఇంతకు తగ్గితే కబురు చేయాలి. మన ఊళ్లో దుమ్ము సంగతి తెలిసిందే కదా, అందుకని తుడవడం అన్నిటికంటే ముఖ్యమని ఆవిడ రెండుసార్లు చెప్పింది, నేను రెండుసార్లు రాశాను. పసుపు గురించి ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.

రెండు నెలల్లో ఆయన చెయ్యి తిరిగింది. చెవితో వినడం పోయి కళ్లతో వినడం వచ్చిందని ఆవిడే మెచ్చుకుంది. తెల్లవారగానే వెళ్లి పద్దెనిమిది పలకలనూ, మా దేవుడి అరలో వెండి కుందులు తుడిచినట్టు తుడిచి వచ్చేవారు. చిన్న చిన్న షూటింగులకు బండి తీసుకెళ్లి, ఏ ఇబ్బందీ లేకుండా తెచ్చారు. నేను రోజూ సాయంత్రం దీపం పెట్టేటప్పుడు ఒక దండం ఎక్కువ పెట్టుకునేదాన్ని.

ఇంతలో రథసప్తమి వచ్చింది.

ఆ రోజు సూర్యుడి పండగ. జిల్లేడాకులు తల మీదా భుజాల మీదా పెట్టుకుని స్నానం చేయాలి. ఎండలో పిడకల మీద పాలు పొంగించి పరమాన్నం వండాలి. చిక్కుడుకాయలకు పుల్లలు గుచ్చి చిన్న రథం చేసి, చిక్కుడాకుల్లో స్వామికి నైవేద్యం పెట్టాలి. ఏటా మా గుమ్మం ముందే చేసేదాన్ని. కానీ తూర్పున అపార్టుమెంటు లేచిన దగ్గర్నుంచి సూర్యుడు మా వాకిట్లోకి పది దాటితే గానీ రావడం లేదు. నిరుడు ఆ రోజున నీడలోనే దండం పెట్టుకున్నానని మనసులో కొరతగా ఉండిపోయింది. ఈసారి మీ షెడ్డు కప్పు మీదికి తీసుకెళ్లండి, అక్కడ ఉదయించేటప్పటి నుంచి కనిపిస్తాడు కదా అని అడిగాను. ఆయన సరేనన్నారు. పిడకల సంచీ, పాల గిన్నె ఆయనే మోసుకొచ్చారు.

ఎంత బాగా కుదిరిందో చెప్పలేను. పాలు తూర్పుకే పొంగాయి. మంచుతెర తీసి బండరాళ్ల మీదుగా సూర్యుడు ఎర్రగా పైకి వస్తుంటే ఆ పద్దెనిమిది పలకల్లోనూ పద్దెనిమిది సూర్యుళ్లు వచ్చారు. ఆ స్వామిని రోజంతా కూర్చోబెట్టుకుని మావారికి పని ఇప్పిస్తున్న పీటలు అవి. వాటిని ఊరికే ఎలా వదిలేస్తాను? గిన్నెలో పసుపు కలిపి, ఎండకు రాలిపోకుండా రెండు చుక్కల నువ్వులనూనె వేసి, ప్రతి పలకకూ కింది అంచున గడపకు రాసినట్టు నిండుగా రాశాను. పసుపు మీద వరసగా కుంకుమ బొట్లు పెట్టాను. నడిమి పలక మీద గంధంతో ఏడు గుర్రాల రథం వేశాను. గుర్రాలు కొంచెం మేకల్లా వచ్చాయి. కింద నుంచి పైకి వచ్చిన మావారు చూసి, ఇప్పుడు ఇల్లులా ఉందే అన్నారు.

అంతలో బండికి పిలుపు వచ్చింది. హడావుడిగా హారతి ఇచ్చి, గిన్నెలు సర్దుకుని దిగిపోయాం.

తరవాత జరిగింది నాకు ఆలస్యంగా తెలిసింది. మర్నాటి నుంచే ఫోన్లో అంకె పడిపోయింది. మునుపు వచ్చేదాంట్లో సగం కూడా రావడం లేదు. తక్కువైనదంతా లైను నుంచి పట్టుకుంటూ వచ్చారు. ఆయన పొద్దున ఒకసారి తుడిచేది రెండుసార్లు తుడిచారు, సాయంత్రం వెళ్లి మళ్లీ తుడిచారు. అంకె కదల్లేదు. ఆ వారంలోనే ఒక రోజు లైను మరమ్మతులని కరెంటు తీశారు. బ్యాటరీలు సగం నిండకుండానే బండి జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా షూటింగుకు వెళ్లింది. మధ్యాహ్నానికి లైట్లన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. పాత డీజిల్ బండిని పరుగున తెప్పించి పని గట్టెక్కించారు గానీ, వంద మంది గంటకు పైగా చేతులు కట్టుకుని కూర్చున్నారట.

ఇవేవీ మావారు ఇంట్లో చెప్పలేదు. గురువారం సాయంత్రం వచ్చి, కాళ్లు కడుక్కుని, సోమవారం నుంచి ఖాళీ అన్నారు. ఏం జరిగిందని అడిగితే, బండి వేరే అతనికి ఇత్తన్నారు అన్నారంతే. శుక్రవారం, శనివారం కూడా తెల్లవారగానే షెడ్డుకు వెళ్లి పలకలు తుడిచి వచ్చారు. పోయే ఉద్యోగానికి ఎందుకండీ ఇంత అంటే, సోమారం దాకా నాదే కదే అన్నారు.

ఓనరు పలకలు చూసి వెళ్లమంటే వచ్చిన మోతీనగర్ ఆవిడ ఆదివారం పొద్దున ఫోన్ చేసింది. "అమ్మా, కాకాను తోల్కొని జర షెడ్డు కాడికి రాండ్రి. ఫోన్ల చెప్పేది కాదు."

వెళ్లాం. ఆవిడ కప్పు మీద నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. పలకలు నీళ్లలా మెరుస్తున్నాయి. దుమ్ము అన్న మాట లేదు. కింది అంచున మాత్రం నా పసుపు అలాగే ఉంది. ఎండి, నూనె పట్టి, గట్టిపడి, దాని మీద వారం రోజుల దుమ్ము కూడా అంటుకుని లావెక్కింది. పైన అద్దంలా తుడిచిన గుడ్డ పసుపు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయిన గీత, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా కనిపిస్తోంది. నడిమి పలక మీద నా రథం చుట్టూ కూడా అంతే. గుర్రాల కాళ్ల మధ్య చోటు కూడా వేలికి గుడ్డ చుట్టి తుడిచినట్టున్నారు.

"గిది ఎవరు రాసిండ్రమ్మా?"

నేనే అన్నాను.

ఆవిడ నవ్వాపుకుంటూనే వివరంగా చెప్పింది. "ఈ గళ్లన్నీ చేతులు పట్టుకుని నిలబడ్డట్టు ఉంటయ్. కింది వరుసకు ఎండ తాకకుంటే పైన ఎంత కాసినా ఫాయిదా లేదు. నీళ్ల పైపు మీద కాలేసి తొక్కినట్టే." తరవాత ఆయన వైపు తిరిగింది. "గింత మంచిగ తుడిచినవ్ కాకా. మరి గిది ఎందుకు తుడ్వలే?"

ఆయన షెడ్డు అవతల రోడ్డు మీద పోయే కార్లను చూస్తూ నిలబడ్డారు.

"ఆవిడ పెట్టింది. నేనెలా తుడుత్తాను?"

మాలో బండికి గానీ యంత్రానికి గానీ పసుపూ కుంకుమా పెడితే చేత్తో తుడిచేయరు. దానంతట అది రాలిపోవాలి. ఆయన పాత జనరేటరు మూత మీద ఎన్ని దసరాల బొట్లో ఒకదాని మీద ఒకటి పేరుకుని పెచ్చులా ఉండేవి. ఇనుముకు బొట్టు బరువు కాలేదు. ఈ గాజుకు అవుతుందని మా ఇద్దరికీ తెలియదు.

"ఓనరు బాబు అడిగినప్పుడు చెప్పొచ్చు కదండీ," అన్నాను.

"మొదట్లో నాకు తెలీదు. మూడో రోజుకి అనుమానం వచ్చింది. చెప్దామంటే నీ పేరు చెప్పాలి కదే."

ఓనరు ఏమన్నాడో అప్పుడు ఆవిడ నోటి నుంచి తెలిసింది. ఇష్టం లేకపోతే లేదని చెప్పు బాబాయ్, ప్లేట్లు తుడవకుండా కొత్త బండి మీద కక్ష తీర్చుకుంటే ఎలా, అన్నాడట. పది మంది ఎదుట. పలకల్ని కుందుల్లా తుడిచే మనిషిని. ఆయన తల వంచుకుని నిలబడి ఆ మాట పడ్డారు, నా పసుపు కోసం.

నాకు ఏడుపు రాలేదు. నా భక్తి మీద నాకే సిగ్గేసింది, దానికి మించి కృతజ్ఞత కలిగింది.

మోతీనగర్ ఆవిడ గుడ్డ నా చేతిలో పెట్టింది. "నన్ను మాత్రం తుడ్వమనకుండ్రి. దేవుని బొట్టు. పెట్టినోళ్లే చూసుకోవాలె."

పెట్టినవాళ్లు చేయవలసిన పని ఒకటి మిగిలి ఉందని అప్పుడు గుర్తొచ్చింది. ఏ పూజయినా చివర ఉద్వాసన చెప్పాలి. ఇంటికి పిలిచిన దేవుణ్ని ఇక నీ చోటుకు వెళ్లి రమ్మని సాగనంపాలి. అది చెప్పాకనే ఆ పసుపు మామూలు పసుపవుతుంది, కదపవచ్చు, కడగవచ్చు. ఆ రోజు బండి హడావుడిలో నేను అది మర్చిపోయాను. స్వామిని పిలిచి, కూర్చోబెట్టి, పరమాన్నం పెట్టి, వెళ్లి రమ్మనకుండా గిన్నెలు సర్దుకుని వచ్చేశాను. ఆయన అక్కడే కూర్చుండిపోయారు, మావారు కాపలా కాశారు.

ఎండకు ఎదురుగా నిలబడి అక్షింతలు లేక నాలుగు పూలరేకులతోనే చెప్పుకున్నాను. మర్చిపోయాను స్వామీ, తప్పు కాయి, నీ చోటుకు నువ్వు వెళ్లి మళ్లీ రేపు రా, అని. అమ్మ నేర్పిన మాటలు కావవి. ఆ క్షణానికి నోటికొచ్చినవి.

నూనె కలిపాను కదా, వట్టి నీళ్లకు రాలేదు. శనగపిండితో రుద్దుతానంటే మోతీనగర్ ఆవిడ గీతలు పడ్తయని వద్దంది. ఇంటికెళ్లి కుంకుడుకాయలు నానేసి, వడగట్టి, ఆ గోరువెచ్చని రసం తెచ్చాం. మెత్తటి పాత పంచె ముక్కతో నేను ఒక్కో అంచూ నానబెట్టి తుడుస్తుంటే, ఆ నీళ్లు ఎవరి కాళ్ల కిందా పడకుండా ఆయన బకెట్ పట్టుకుని నా వెంట వంగి వంగి నడిచారు. తరవాత వాటిని షెడ్డు పక్క వేపచెట్టు మొదట్లో పోశారు. మోతీనగర్ ఆవిడ ఫోన్ చూస్తూ కూర్చుంది. ఒక్కో పలక శుభ్రమయ్యేకొద్దీ "పెరిగింది... ఇంకో జర పెరిగింది" అని పాటలా చెబుతూ ఉంది. రథం చివర తుడిచాను. గుర్రాలు చెరిగిపోతుంటే, పోనీలే మేకల్లా ఉన్నాయి అన్నారాయన.

ఆ మధ్యాహ్నమే ఓనరు ఇంటికి వెళ్లాను. మావారు వద్దన్నారు, నేను చూసుకుంటానన్నారు. మీరు చూసుకున్నది చాలండి అని, మోతీనగర్ ఆవిడ స్కూటీ వెనక కూర్చుని జూబ్లీహిల్స్ వెళ్లాను. ఆ అబ్బాయితో నేనెప్పుడూ మావారి వెనక నిలబడి మాట్లాడటమే గానీ ఎదురుగా మాట్లాడలేదు.

"బాబూ, తప్పు నాది," అని మొదలుపెట్టి, పిడకల దగ్గర్నుంచి కుంకుడు రసం దాకా అన్నీ చెప్పాను. అతను ఫోన్ తీసి అంకె చూసుకున్నాడు.

"ఒక్క మాట చెప్పుంటే నేను అలా అనేవాణ్ని కాదు కదమ్మా," అన్నాడు చివరికి. "కానీ షూటింగ్ ఆగిన మాట నిజం. ప్రొడక్షన్ వాళ్లకు నేను మాటిచ్చేశాను, రేపు వేరే మనిషి వస్తాడని. అతనూ ఉన్న పని మానుకుని వస్తున్నాడు."

అతన్ని తప్పుపట్టలేకపోయాను. కాఫీ తాగి వెళ్లమన్నాడు, తాగి వచ్చాను. ఏం తేలిందని మావారు అడగలేదు. నేనూ చెప్పలేదు, తేలనిది ఏం చెబుతాను.

సోమవారం ఆయన మామూలు వేళకే లేచారు. స్నానం చేశారు, బొట్టు పెట్టుకున్నారు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. వేసుకుని, ఎక్కడికీ వెళ్లేది లేక, గుమ్మంలో స్టూలు మీద కూర్చున్నారు. నేను దేవుడి దగ్గర కూర్చున్నాను గానీ నోట్లో మాట తప్ప మనసులో ఏమీ లేదు. ఆయన దగ్గు వినిపించినప్పుడల్లా తప్పు చదివి మళ్లీ మొదటికి వచ్చేదాన్ని.

ఏడున్నరకు ఓనరే వచ్చాడు. మా సందులోకి కారు రాదు. గుట్ట కింద ఆపి మెట్లెక్కి వచ్చినట్టున్నాడు, ఆయాసపడుతున్నాడు. పెద్దాయన ఉన్న రోజుల్లో ఒకసారి వచ్చాడు మా ఇంటికి, నిక్కరుతో. ఇదే రెండోసారి.

"తాళం నీ దగ్గరే ఉండనీ బాబాయ్," అంటూ బండి తాళం అందించాడు. "ఆ వచ్చినతన్ని నీ దగ్గరే పెడుతున్నాను. నువ్వే నేర్పు."

మావారు లేచి తాళం తీసుకున్నారు. కళ్లకు అద్దుకున్నారు. అతను క్షమించమనో మరొకటో అనలేదు. కూర్చుని రెండు ఇడ్లీలు తిన్నాడు, అల్లం పచ్చడి ఇంకొంచెం అడిగి వేయించుకున్నాడు. వెళ్లేటప్పుడు మాత్రం నా వైపు తిరిగి, వచ్చే రథసప్తమికి మా ఇంట్లో అందరం షెడ్డుకు వస్తామమ్మా, పూజ మెట్ల దగ్గర చేద్దాం అన్నాడు. అలాగే బాబూ అన్నాను.

ఆ రోజు మధ్యాహ్నం నేను పప్పుకు తాలింపు వేస్తుండగా ఫోన్ మోగింది. చూస్తే ఆయన. డ్యూటీలో ఉండగా ఆయన ఎన్నడూ ఫోన్ చేసిన మనిషి కాదు. జనరేటరు పక్కన ఏం చెప్పినా ఏం వినబడుతుంది? మళ్లీ లైట్లు ఆరిపోయాయేమో అనుకుంటూ ఎత్తాను.

"ఏం కాలేదు, కంగారుపడకు," అన్నారు, గుసగుసగా. ఆ మనిషి గుసగుస నేను అప్పటిదాకా వినలేదు. "బండి ఇక్కడే, బంగళా గుమ్మం పక్కనే పెట్టమన్నారు. నాకు షూటింగు కనపడతాంది."

అప్పుడు తట్టింది నాకు. జనరేటరు రొద మాటల్లో కలిసిపోతుందని పాత బండిని ఎప్పుడూ సందు చివరో గోడ వెనకో నిలబెట్టి కేబుళ్లు లాగేవారు. అలవాటు కొద్దీ కొత్త బండినీ ఇన్నాళ్లూ అక్కడే నిలబెడుతూ వచ్చారు. ముప్పై రెండేళ్లు సినిమాలకు వెలుగిచ్చిన మనిషి ఒక్క షాటు కూడా కళ్లతో చూడలేదు.

ఏం తీస్తున్నారు అన్నాను.

"ఒకమ్మాయి మెట్లు దిగి వత్తాది. మళ్లీ ఎక్కిత్తన్నారు. మళ్లీ దిగుతాది. పొద్దున్నించి ఇదే."

"బాగుందా?"

"ఏమో. ఉండు, మళ్లీ దిగుతాంది."

ఫోన్ పెట్టేయలేదాయన. అవతల ఎవరో సైలెన్స్ అన్నారు. పొయ్యి తగ్గించి, గరిట చప్పుడు చేయకుండా పక్కన పెట్టి, నేను కూడా వింటూ నిలబడ్డాను.